ఖుర్దుబీను దరఖాస్తు

ఆడెపు నర్సింగం బతుకును మలుపు తిప్పింది అతని చేతిరాత. వరంగల్ కొత్తవాడలో నేతపని చేసే ఇంట్లో పుట్టాడు. తండ్రి, అన్న సారయ్య, చిన్నాయనలు అందరూ తెల్లారితే మగ్గం గుంటలో కాళ్లు పెట్టేవాళ్లే. ఇతను మాత్రం చిన్నప్పుడు బడిలో ఉర్దూ చెప్పే మౌల్వీసాబు కంట పడ్డాడు. పలక మీద అలిఫ్ గీస్తే ఎటూ వంగకుండా నిలువుగా నిలబడేది. "నేతోళ్ల పిల్లగాడివి, నీ చెయ్యి వంకరపోదురా" అని మౌల్వీసాబు మురిసిపోయి, తండ్రిని ఒప్పించి ఇంకో అయిదేళ్లు చదివించాడు. ఆ రాత పుణ్యమా అని పాతికేళ్లకల్లా హనుమకొండ వైపు, యూనివర్సిటీ కింద నడిచే ఒక కాలేజీ దఫ్తరులో గుమాస్తాగా కుదిరాడు. నిజాం సర్కారు రోజులవి. కాగితమంటే ఉర్దూ కాగితమే. అందంగా ఉర్దూ రాసేవాడికి అన్నానికి కొదవ లేదు.

పొద్దున్నే సద్దన్నం తిని కొత్తవాడ నుంచి కాలేజీకి నడిచిపోవడం, పొద్దుగూకే వేళకు మళ్లీ నడిచి రావడం. శుక్రవారం సెలవు. పన్నెండేళ్లు అలాగే గడిచాయి. ఆ పన్నెండేళ్లలో నర్సింగం ఏ కాగితం రాసినా అది ఇంకొకరి కాగితమే. సెలవు చీటీలు, జీతాల పట్టీలు, బెంచీలకు మేకులు కావాలన్న అర్జీలు. రాసి, ఆరబెట్టి, ప్రిన్సిపాల్ సంతకం కోసం బల్లమీద పెట్టి మరిచిపోయేవాడు.

మరిచిపోవడానికి వీల్లేని కాగితం ఒకటి 1940లో అతని చేతికి వచ్చింది.

ఆ ఏడు కిషన్ రావు అనే కొత్త లెక్చరర్ వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి. సన్నగా, ఎండకు కమిలి ఉండేవాడు. భుజాన గుడ్డ సంచి, చేతిలో పొట్టి సుత్తి చూసి గేటు దగ్గరి జవాను రాళ్లు కొట్టే మేస్త్రీ అనుకుని పక్క దారిలో పొమ్మన్నాడు. కలకత్తాలో భూగర్భశాస్త్రం చదివి వచ్చిన మనిషి. ఆ శాస్త్రాన్ని కాలేజీ కాగితాల్లో అర్జియాత్ అని రాసేవారు. ఆ శాఖకు ఉన్న ఆస్తి మెట్ల కింద ఒక గది, ఒక బీరువా, నాలుగు పెట్టెల రాళ్లు, పదకొండు మంది పిల్లలకు కలిపి ఒక చేతి భూతద్దం.

వచ్చిన నెల తిరక్కముందే కిషన్ రావు దఫ్తరుకు వచ్చి నర్సింగం ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నర్సింగం, యూనివర్సిటీకి ఒక దరఖాస్తు రాయాలె. సామాన్ల గ్రాంటు కోసం."

"చెప్పుండ్రి సారూ, రాస్తా."

"మొదాలు ఖుర్దుబీను రాయి."

ఖుర్దుబీను అంటే సూక్ష్మదర్శిని. అది మామూలుది కాదనీ, రాళ్లను చూడ్డానికి ప్రత్యేకంగా చేసేదనీ కిషన్ రావు చెప్పాడు. తర్వాత రాయి కోసే చక్రం, అరగదీసే పలక, సన్నని తూకాలు తూచే త్రాసు, ఖనిజాల పెట్టె. అయిదు వస్తువులు. నర్సింగం ఒక్క కొట్టివేత లేకుండా రాసి ఇచ్చాడు. కిషన్ రావుకు ఆ రాత చూసి నమ్మకం కలిగింది.

"ఇంత మంచిగ రాస్తే ఎవడు కాదంటడు?" అన్నాడు.

అప్పటికి నర్సింగానికి దఫ్తరుల సంగతి తెలుసు. నవ్వి సిరా మూత బిగించాడు.

అయిదు నెలలకు కాగితం తిరిగొచ్చింది. కలకత్తా కంపెనీ ధరలు ఇంగ్లీషు వాళ్ల కల్దారు రూపాయల్లో ఉన్నాయి, మన హాలీ సిక్కాలోకి మార్చి మళ్లీ పంపండి అని ఎర్ర సిరాతో ఒక వాక్యం. మార్చి పంపారు. మారకం ఏ తారీఖుది అని మళ్లీ తిరిగొచ్చింది. తారీఖు వేసి పంపారు. దాంతో ఏడాది గడిచింది. లెక్కల సంవత్సరం మారింది కనుక కొత్త దరఖాస్తు పెట్టమన్నారు. కిషన్ రావు కొత్తది పెట్టాడు. ఈసారి ప్రశ్న వేరేగా వచ్చింది: మీ కాలేజీలో జీవశాస్త్రం వాళ్ల దగ్గర ఒక ఖుర్దుబీను ఉన్నట్టు మా రిజిస్టర్లో ఉంది. రెండోది ఎందుకు?

ఆ ఉత్తరం చదివిన రోజు కిషన్ రావు దఫ్తరు వరండాలో నిలబడే దాన్ని రెండోసారి చదివాడు. లోపలికి వచ్చి, "ఉల్లిపొర చూసే దాంట్ల రాయి చూడొస్తదా?" అన్నాడు. కోపంగా అనలేదు. నడిచి నడిచి వచ్చినవాడు నీళ్లు అడిగినట్టు అన్నాడు.

"నాకు జర చెప్పుండ్రి సారూ. రెంటికీ ఫరక్ ఏంది? నాకే తెల్వకుంట రాస్తె వాళ్లకెట్ల తెలుస్తది?" అన్నాడు నర్సింగం.

రెండేళ్లుగా ఆ పేరు రాస్తున్నా అదేమిటో అడగడం అదే మొదలు. కిషన్ రావు చెప్పడం మొదలుపెట్టాడు. రాయిని కాగితం కంటే పలచగా అరగదీస్తే వెలుతురు దాని గుండా పోతుంది. మామూలు వెలుతురు అన్ని వైపులకూ ఊగుతూ వస్తుంది. ఈ ఖుర్దుబీనులో కింద ఒక రకం పలక ఉంటుంది, అది ఒక వైపు ఊగే వెలుతురును మాత్రమే వదులుతుంది. పైన అలాంటిదే ఇంకో పలక అడ్డంగా తిప్పి పెడతారు. అప్పుడు అంతా చీకటి. ఆ రెంటి మధ్య రాతి పొర పెడితే చీకట్లోంచి రంగులు లేస్తాయి. ఒక్కో ఖనిజానికి దాని రంగులు దానివి. ఆ రంగుల్ని బట్టి ఏ రాయిలో ఏముందో చెప్పవచ్చు.

నర్సింగం కళ్లు మూసుకుని విన్నాడు. "మా ఇంట్ల పన్నె ఉంటది సారూ. దువ్వెన లెక్క సన్న సందులుంటయి. పోగులు గా సందుల్నుంచే నడుస్తయి. ఒక పన్నె నిలువుగ, ఇంకోటి అడ్డంగ పెడితే పోగు దాటది. గట్లనేనా?"

కిషన్ రావు అతని ముఖంలోకి చూశాడు. "గట్లనే. అచ్చంగ గట్లనే. ఇది రాయి."

రాశాడు. నేతగాని పన్నె గురించి యూనివర్సిటీకి పోయే కాగితంలో రాయవచ్చా అని ప్రిన్సిపాల్ సందేహించాడు. ఇంతకుముందు రాసినవి ఏం పని చేశాయి గనక అనుకున్నాడేమో, సంతకం చేసేశాడు.

ఆ దరఖాస్తుకు అభ్యంతరం రాలేదు. ఫైలు తెలిసిన మనిషిని పంపండి అని కబురొచ్చింది. అప్పటికి కిషన్ రావుకు చలిజ్వరం. ప్రిన్సిపాల్ నర్సింగాన్ని పొమ్మన్నాడు. 1943 ఎండాకాలంలో, ఫైలును మూటలో కట్టుకుని, భార్య చిలుకమ్మ కట్టిచ్చిన జొన్నరొట్టెలు సంచిలో పెట్టుకుని నర్సింగం హైదరాబాదు రైలెక్కాడు. యుద్ధం రోజులు గనక పట్టాళం మనుషులతో డబ్బా నిండిపోయింది. సగం దారి దాకా ఒంటికాలి మీదే నిలబడ్డాడు.

యూనివర్సిటీ దఫ్తరులో రెండు రోజులు బెంచీ మీద కూర్చున్నాడు. మొదటి రోజు సాబు రాలేదన్నారు. రెండో రోజు వచ్చాడు గాని ఫైలు దొరకలేదన్నారు. మా కాపీ నా దగ్గరుందని నర్సింగం మూట విప్పితే, నీ కాపీ మాకు చెల్లదన్నారు. ఆ సాయంత్రం సరాయిలో రొట్టె ముక్క నీళ్లలో ముంచి తింటుంటే అతనికి మొదటిసారి ఒక మాట మనసులో మెదిలింది: ఇది నాకెందుకు? నా జీతం ఒక్క పైస పెరగదు. ఆ రాయి ఏదైతే నాకేం?

మూడో రోజు మధ్యాహ్నం లోపలికి పిలిచారు. తెల్ల గడ్డం పెద్దసాబు ఒకాయన కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని కూర్చున్నాడు.

"ఈ పన్నె సంగతి రాసింది ఎవరు?" అని ఉర్దూలో అడిగాడు.

"నేనే హుజూర్. మేం నేతవాళ్లం."

"నాకు అర్థం కాలేదు. చూపించు."

చూపించడానికి నర్సింగం దగ్గర ఏముంది? చేతులున్నాయి. ఎడమచేతి వేళ్లు విడదీసి నిలువుగా పట్టాడు. బల్ల మీది కలం తీసి, వేళ్ల సందులో నుంచి పోనిచ్చాడు. తర్వాత కుడిచేతి వేళ్లు అడ్డంగా దాని ముందు పెట్టి, కలం పట్టుకోవడానికి చెయ్యి లేక ఆగిపోయాడు. పెద్దసాబు లేచి వచ్చి కలం తానే తీసుకుని ఆ వేళ్ల మధ్య దూర్చబోయాడు. అది దూరలేదు. మళ్లీ ప్రయత్నించాడు. తర్వాత పోయి కుర్చీలో కూర్చుని, ఇంకేమీ అడగకుండా ఫైలు మీద మంజూరు అని రాశాడు.

ఆ మాట రాయడానికి అతనికి ఎంతసేపు పట్టిందో నర్సింగం గమనించలేదు. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుని తన కాపీని మళ్లీ మూటగట్టుకున్నాడు.

హనుమకొండలో కిషన్ రావు ఇంటికి నేరుగా పోయి చెప్పాడు. జ్వరం తగ్గిన మనిషి దుప్పటి కప్పుకుని గడపలోకి వచ్చాడు. భార్య శారద బెల్లం నీళ్లు తెచ్చి ఇచ్చింది.

"రామప్ప గుడి స్తంభాల నల్లరాయి ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికీ తెలవది నర్సింగం. పాలంపేట చుట్టూ భూమిల బారుగ పోయిన నల్లరాయి దారలు చానా ఉన్నయి. గుడి దగ్గర విరిగి పడ్డ ముక్కను, దారల ముక్కల్ని పక్కపక్కన పెట్టి చూస్తె తెలుస్తది. గా పని మనమే చేద్దాం" అన్నాడు కిషన్ రావు. 'మనమే' అన్న మాట నర్సింగం ఇంటికి పోయేదాకా చెవిలో ఉంది.

మంజూరైన సొమ్ము ఆబాన్ నెలాఖరులోగా, అంటే అక్టోబరు మొదటి వారంలోగా, ఖర్చు పెట్టాలి. సర్కారు లెక్కల సంవత్సరం ఆనాటితో ముగుస్తుంది. కలకత్తాకు ఆర్డరు పోయింది. నెలన్నరకు జవాబొచ్చింది. యుద్ధం వల్ల అద్దాల సామాను ఏదీ ఇంగ్లీషు సీమ నుంచి రావడం లేదనీ, ఉన్నదంతా పట్టాళం తీసుకున్నదనీ, యుద్ధం ముగిశాక తప్పకుండా పంపుతామనీ. మద్రాసుకు రాశారు, బొంబాయికి రాశారు. అన్నిచోట్లా అదే మాట. సొమ్మును వచ్చే ఏటికి నిలిపి ఉంచమని నర్సింగం మూడు అర్జీలు రాశాడు. నిలపడానికి నియమం లేదన్నారు. ఆబాన్ ఆఖరు రోజు సాయంత్రం ట్రెజరీ నుంచి చీటీ వచ్చింది. గ్రాంటు రద్దు.

కిషన్ రావు ఆ చీటీ చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఎక్కడేసిన గొంగడి అక్కడనే" అని, సుత్తి తీసుకుని పిల్లలతో గుట్ట మీదికి పోయాడు.

ఆ తర్వాత ఏటా ఒకటి రాశారు. 1944లో ఒకటి, 1945లో ఒకటి. యుద్ధం అయిపోయాక రాసిన దానికి, యుద్ధానంతరం చేయాల్సిన పనుల జాబితాలో మీ వంతు వచ్చినప్పుడు చూస్తామన్నారు. వంతు రాలేదు. 1946లో ఎంతమంది పిల్లలు చదువుతున్నారని అడిగారు. నలుగురే ఉన్నారు. భూతద్దంతో చదువు చెప్తే ఎవరు చేరతారు? పిల్లలు లేరు గనుక సామాను ఇవ్వరు, సామాను లేదు గనుక పిల్లలు రారు. ఆ మాటే నర్సింగం మర్యాదగా, మంచి ఉర్దూలో రాశాడు. దానికి జవాబే రాలేదు.

ఇంట్లో చిలుకమ్మ విసుక్కునేది. "పిల్లగాని పెండ్లి ముచ్చట మాట్లాడుదామంటె గా రాళ్ల ముచ్చటే. గా సారుకంటె నీకే ఎక్కువ పట్టింది."

"పట్టుడు కాదే. ఎనిమిది సార్లు రాసిన. ఒక్క తాపన్న రావద్దా?"

"రాకపోతె ఏమైతది?"

నర్సింగం చెంబు తీసుకుని కాళ్లు కడుక్కోవడానికి పోయేవాడు. అప్పటికే అతనికి కళ్లజోడు వచ్చింది. నడక తగ్గింది. కాలేజీ నుంచి వచ్చే దారిలో రెండుచోట్ల కూర్చుని లేచేవాడు.

1947 చివరికి ఊళ్లో పరిస్థితి చెడింది. రజాకార్ల గురించి రోజుకో కథ. సాయంత్రమైతే దుకాణాలు మూసేవారు. కాలేజీకి పిల్లలు రావడం మానేశారు. 1948 మొదట్లో ఒక పొద్దున కిషన్ రావు దఫ్తరుకు వచ్చి, ఎప్పటిలాగే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"శారదను, పిల్లల్ని బెజవాడకు తోలుతాన. నేను కూడా పోతాన. అక్కడ ఒక హైస్కూల్ల పంతులు పని దొరికింది."

"మళ్లెప్పుడొస్తరు సారూ?"

"తెల్వది." జేబులోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు. "రాళ్లన్నిటికీ చీటీలు అంటించిన. గది తాళం నీకిస్తాన. ఫైలు పారెయ్యకు."

"ఎట్ల పారేస్త సారూ? అది నా రాతనే గద."

డోర్నకల్ మీదుగా పోయే బండికి స్టేషన్ దాకా నర్సింగం వెంట పోయాడు.  బండి కదిలేటప్పుడు కిటికీలోంచి కిషన్ రావు చెయ్యి ఊపలేదు, తల మాత్రం ఊపాడు.

ఆ సెప్టెంబరులో సైన్యం వచ్చింది, నిజాం రాజ్యం పోయింది. ఊపిరి పీల్చుకున్న వాళ్లలో నర్సింగం ఒకడు. ఆ ఊపిరి పూర్తిగా వదలకముందే ఇంకో సంగతి తెలిసింది. ఇకమీద కాగితాలన్నీ ఇంగ్లీషులో ఉండాలి. శుక్రవారం సెలవు ఆదివారానికి మారింది. దఫ్తరులో ఉర్దూ కలాలన్నీ ఒక డబ్బాలో వేసి అటక మీద పెట్టారు. రైల్వేలో పని చేసిన ఒక కుర్రాడు టైపు మిషన్‌తో వచ్చి నర్సింగం బల్ల ముందు కూర్చున్నాడు. నర్సింగానికి మూలకు ఒక స్టూలు దొరికింది.

ఎవరినీ తప్పు పట్టలేదతను. రాజ్యం మారితే రాత మారుతుంది. కాని ఇరవై ఏళ్లు తనకు అన్నం పెట్టిన చేతికి నలభై అయిదో ఏట పనిలేకుండా పోవడం, ఇంటికి పోయి చెప్పుకునే సంగతి కాదు. నాలుగో తరగతి పిల్లల ఇంగ్లీషు పుస్తకం కొని, మధ్యాహ్నం అన్నం వేళ గోడ వైపు తిరిగి చదువుకునేవాడు. అన్న సారయ్య ఒకరోజు చూసి, "ఇగ ఇంటికి రా తమ్మీ, మగ్గం ఉండనే ఉన్నది" అన్నాడు. మగ్గం పని తనకు రాదని ఇద్దరికీ తెలుసు.

కొత్త ప్రిన్సిపాల్ పాత బకాయి వ్యవహారాలన్నీ ఇంగ్లీషులో రాసి ఇమ్మన్నాడు. నర్సింగం తన ఎనిమిది దరఖాస్తులు దించుకుని కూర్చున్నాడు. తాను రాసిన దాన్ని తానే, రాని భాషలో, మాట మాటకూ నిఘంటువు తిరగేస్తూ రాశాడు. రెండు నెలలు పట్టింది. చదివితే తనకే నవ్వొచ్చేలా ఉంది. ఉర్దూలో హుందాగా నిలబడ్డ వాక్యాలు ఇంగ్లీషులో కుంటుతూ నడుస్తున్నాయి. ప్రిన్సిపాల్ అవి చదవలేదు. భూగర్భశాస్త్రానికి కొత్తగా వచ్చిన మల్లికార్జున్ చదివాడు.

మల్లికార్జున్‌కు ఇరవై ఆరేళ్లు, మద్రాసులో చదివాడు. దుడుకు మనిషి. ఫైలు చంకన పెట్టుకుని మూలకు వచ్చాడు.

"నర్సింగం గారూ, ఇదంతా మీరే రాసిండ్రా?"

"రాసుడు నాది సార్. విషయం కిషన్ రావు సారుది."

"కొత్త గ్రాంట్లు ఇస్తరట. నేను పద్నాలుగు వస్తువుల లిస్టు చేసిన. చూడుండ్రి."

తనను గారూ అని పిలవడం నర్సింగానికి కొత్తగా ఉంది. లిస్టు చూశాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు.

"పద్నాలుగు రాస్తె పద్నాలుగు ప్రశ్నలొస్తయి సార్. ఒక్కో ప్రశ్నకు నాలుగు నెలలు."

"మరేం చేద్దాం?"

"ఒక్కటే రాద్దాం. ఖుర్దుబీను. వాళ్లు అడిగేదేందో నాకు తెలుసు. అడగకముందే చెప్పేద్దాం. ధర ఏ సిక్కాల, మారకం ఏ తారీఖుది, జీవశాస్త్రపుది ఎందుకు పనికి రాదు, పిల్లలెందరు, సామానొస్తె ఎందరు చేరుతరు. సరుకు ఇప్పుడు చేతిల ఉన్నదని కంపెనీతోని రాయించుకుందాం, లేకుంటె సొమ్ము మురిగిపోతది."

"రాయి కోసే చక్రమన్నా పెట్టాలె గద? చక్రం లేకుంటె పొరలెట్ల వస్తయి?"

"చక్రానికి కరెంటు కావాలె. మెట్ల కింది గదికి కరెంటు లేదు. కరెంటు లేదని రాస్తె ఫైలు కరెంటోళ్ల దగ్గరికి పోతది. పోయిందంటె ఇగ రాదు."

మల్లికార్జున్‌కు అది నచ్చలేదు. అడగాల్సింది అడగడం మన హక్కు కాదా అని వాదించాడు. నర్సింగం వాదించలేదు, ఎనిమిది కాగితాల మీదా ఎర్ర సిరా ఎక్కడెక్కడ ఉందో ఒకటొకటిగా చూపించాడు. చివరిది చూపించేసరికి ఆ యువకుడు చక్రాన్ని తానే కొట్టేశాడు.

తొమ్మిదో దరఖాస్తు ఇంగ్లీషులో టైపయింది. పన్నె సంగతి తీసేద్దామా అని నర్సింగం అడిగితే మల్లికార్జున్ ఉండనివ్వమన్నాడు. అయిదు నెలలకు మంజూరు వచ్చింది. ఒక్క ప్రశ్న కూడా రాలేదు. నర్సింగం ఆ ఉత్తరాన్ని మూడుసార్లు వెనక్కి తిప్పి చూశాడు, ఎక్కడో ఎర్ర సిరా ఉంటుందని.

1949 డిసెంబరులో కలకత్తా నుంచి చెక్కపెట్టె దిగింది. స్టాకు రిజిస్టర్లో ఎక్కించి, సంతకం తీసుకుని, నర్సింగం తన స్టూలు మీదికి పోయి కూర్చున్నాడు. అది తెరవడం చూడాలని అనిపించలేదు. తొమ్మిదేళ్లుగా మోస్తున్న బరువు దించాక తేలిగ్గా ఉంటుందనుకున్నాడు గాని, భుజం ఇంకా ఆ బరువుకే వంగి ఉన్నట్టుంది.

చక్రం లేనందున రాతి పొర చేత్తోనే అరగదీయాల్సి వచ్చింది. నలుగురు పిల్లలు, మల్లికార్జున్ వంతులేసుకుని, గాజు పలక మీద కురుందం పొడి, నీళ్లు పోసి, రామప్ప గుడి దగ్గర పడ్డ నల్లరాయి చిల్లను వేలికొసలతో తిప్పుతూ కూర్చున్నారు. మొదటిది ఆరో రోజు విరిగింది. రెండోది అంచులు రాలిపోయింది. మూడోది నిలిచింది. మొత్తం పంతొమ్మిది రోజులు. చక్రం వద్దన్నది తానే గనుక, పిల్లల వేళ్లు పగలడం చూసినప్పుడల్లా నర్సింగానికి మనసు చివుక్కుమనేది. ఒకరోజు ఇంటి నుంచి వెన్న తెచ్చి వేళ్లకు రాసుకొమ్మని ఇచ్చాడు.

పంతొమ్మిదో రోజు మల్లికార్జున్ స్వయంగా వచ్చి పిలిచాడు.

"మీరు మొదాలు చూడాలె."

"పిల్లల్ని చూడనియ్యుండ్రి సార్. కష్టం వాళ్లది."

"వాళ్లే పిలుచుకరమ్మన్నరు."

పోక తప్పలేదు. కిటికీ పక్కన బల్ల మీద ఇత్తడి మెరుస్తోంది. కళ్లజోడు తీసి, ఒక కన్ను మూసి వంగాడు. మొదట ఏమీ కనిపించలేదు. మల్లికార్జున్ పక్కనుంచి మర తిప్పాడు. అప్పుడు కనిపించింది. నల్లరాయి నల్లగా లేదు. సన్నని పుల్లల్లాంటివి తెల్లగా, బూడిద రంగు చారలతో అడ్డదిడ్డంగా పడి ఉన్నాయి. వాటి సందుల్లో నీలం, పసుపు, గులాబీ. రాతి పొర పెట్టిన గుండ్రటి పలకను తిప్పితే ఒక రంగు ఆరిపోయి ఇంకోటి వెలిగింది. చేత్తో నేసే వాళ్లెవరూ ఆ రంగుల్ని అలా పక్కపక్కన పెట్టరని అతనికి తోచింది. ఎంతసేపు చూశాడో తెలియదు. వెనక పిల్లలు ఎదురు చూస్తున్నారని గుర్తొచ్చి పక్కకు జరిగాడు.

"ఎట్లున్నది?" అన్నాడు మల్లికార్జున్.

"కిషన్ రావు సారు చూడాల్సింది" అన్నాడు నర్సింగం. కళ్లజోడు తుడిచి పెట్టుకున్నాడు.

ఆ వారమే బెజవాడకు ఉత్తరం రాశాడు. తెలుగులో రాయడం అతనికి అలవాటు లేదు. ఉర్దూలో అయితే ఎలా మొదలుపెట్టాలో, ఎక్కడ వినయం పలకాలో తెలుసు. తెలుగులో ఆ మర్యాదలేవీ చేతికి రాక, ఉన్నమాట ఉన్నట్టు రాశాడు: ఖుర్దుబీను వచ్చింది. పని చేస్తోంది. కొత్తగా వచ్చిన కుర్ర సారు గుడి రాయి చూపించాడు. మీరొకసారి వచ్చి చూడాలె.

మూడు వారాలకు కార్డు వచ్చింది. కిషన్ రావు రాలేనన్నాడు. బడిలో పరీక్షలు, శారదకు ఒంట్లో బాగుండడం లేదు, తిరిగి వచ్చే ఆలోచన కూడా విడిచిపెట్టాడు. "ఆ కుర్రవాణ్ని తొందరపడవద్దని చెప్పు. గుడి రాయి ఒక్కటి చూసి ఏదీ తేల్చవద్దు. దారల రాళ్లు పదకొండు, అన్నీ చూడాలి. కనీసం రెండేళ్ల పని. నీకు నేను ఏమని రాయాలో తెలియడం లేదు నర్సింగం. నువ్విక కొంచెం విశ్రాంతి తీసుకో."

కార్డు మల్లికార్జున్‌కు ఇచ్చాడు. అప్పటికే యూనివర్సిటీ నుంచి ఒక ఫారం వచ్చి ఉంది. గ్రాంటు సొమ్ముతో కొన్న సామానును ఎందరు, ఎన్ని గంటలు వాడారో మూడు నెలలకొకసారి తెలపాలి. దాంతోపాటు చక్రం కోసం వేరే దరఖాస్తు పెట్టాలని మల్లికార్జున్ తొందరపడుతున్నాడు. గదికి కరెంటు కోసం కూడా.

"ఎప్పుడు మొదలుపెడదాం నర్సింగం గారూ?"

"మీరు రాయుండ్రి సార్. ఎట్ల రాయాలో మీకు తెలిసింది గద. రాసినంక నేను చూస్త."

అని, సెలవు చీటీ రాసి బల్ల మీద పెట్టాడు. రెండు రోజులు. ఇరవై ఏళ్లలో జ్వరానికీ చావులకూ తప్ప అతను అడిగిన సెలవు అదే మొదలు.

మరునాడు బాగా పొద్దెక్కినా లేవలేదు. ఎండ గడప దాటి మంచం కోళ్ల దాకా వచ్చింది. చుట్టపుచూపుగా వచ్చిన సారయ్య భార్య చూసి, "పానం మంచిగున్నదా, దవాఖానకు తోలుకపోవాల్నా?" అని అడిగింది.

"ఏం లేదక్కా, పండనియ్యి" అని చిలుకమ్మ తలుపు దగ్గరకు వేసింది.